మేము కంప్యూటరును టెలివిజనుతో గలిపిన విధము

వస్తువును సంపాదించుట యొక పని. సంపాదించిన వస్తువునుండి దాని పూర్ణ ప్రయోజనమును రాబట్టుట మఱియొక పని. మొదటిదానికి ధనము చాలును. రెండవదానికి ఓర్పు కావలెను. ఈ మాటను పెద్దలవలన పలుమాఱు వినియుంటిమి గాని, గడచిన జనవరి మాసమున మా పాఠశాలలో జరిగిన యొక చిన్నపనివలన దాని యర్థము మాకు బోధపడినది. ఆ పని యేమనగా, కంప్యూటరు గదిలోని డెస్కుటాపు కంప్యూటరును సభామందిరములోని పెద్ద టెలివిజనుతో గలిపి, కంప్యూటరు పంపు చిత్రమును ఒక్క చుక్కయైనను పోకుండ తెఱపై చూపుట. కేబులు కొన నొకటి యిచటను, ఒకటి యచటను దూర్చినచో చాలదా యని చదువరు లడుగవచ్చును. మేమును మొదట నట్లే తలచితిమి. మాకైదు దినములు పట్టెను.

మేమనగా పదవ తరగతి విద్యార్థులము నలువురము. ఇద్దఱు బాలురు, ఇద్దఱు బాలికలు. సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట పాత విద్యార్థుల సమావేశము జరుగవలసి యుండెను. పూర్వవిద్యార్థి యొకరు తమ యింట కొన్నియేండ్లు వాడిన 55 అంగుళముల టెలివిజనును పాఠశాలకు దానము చేసిరి. దానిపై పాఠశాల పాత ఛాయాచిత్రములను, ఈ యూర 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన జన్మించిన మహాకవి గుఱ్ఱము జాషువాగారి గ్రంథముల పట్టికను, ఈ ప్రాంతపు ప్రత్తి మిరప పంటలనుగూర్చి మేము వ్రాసిన పుటలను ప్రదర్శింపవలెనని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చి, ఆ భారమును మా నలువురిపై నుంచిరి. సైన్సు మాష్టరుగారు మాకు సలహాదారులు. వారు చెప్పుట తక్కువ, అడుగుట యెక్కువ.

ఆ ఛాయాచిత్రములలో నొకటి 1954వ సంవత్సరమున దీసినది. ఉపాధ్యాయులు కుర్చీలలోను, పెద్దపిల్లలు వెనుకను, చిన్నపిల్లలు నేలపైనను గూర్చుండిరి. నిలుచున్న వరుసలో కుడికొనను, వేపచెట్టు నీడలో, బోర్డింగు వంటమనిషి యున్నాడు. చిత్రము పొడవు ఎత్తునకు ఇంచుమించు రెండింతలు. అది ప్రధానోపాధ్యాయులవారి గదిలో గోడపై నెత్తుగా వ్రేలాడుచుండును, అద్దము మసకబాఱినది, అందలి యొక్కొక్క మొగము కందిగింజంత మాత్రమే. ఆ వంటమనిషి కుమార్తె, నేడు ముదుసలి, ఈ యూరనే యున్నది. మిరప కల్లములలో తాలుకాయ లేరు పనికి నేటికిని పోవుచుండును. తండ్రి చనిపోవునాటికి ఆమెకు నాలుగైదేండ్లు. ఆయన రూపము మఱెచ్చటను లేదు. కంటికి శస్త్రచికిత్స జరిగినను ఆమెకు చూపు మందమే గనుక, గోడపై చిత్రములో తండ్రిని పోల్చుకొనజాలదు. పెద్దతెఱ వచ్చినదనియు, అందు మీ నాయన కనబడుననియు మా బంట్రోతు ఆమెకు చెప్పెను. ఈ సంగతి మా కప్పటికి తెలియదు.

మొదటిదినమున మేము కంప్యూటరు గదిలోనున్న పాత కేబులునే వాడితిమి. అది పదునైదు సూదులుగల నీలిరంగు మొనతో నుండునది, వి.జి.ఎ. యందురు. 1987వ సంవత్సరమున వెలువడిన పద్ధతి యిది. చిత్రము తెఱపై వచ్చెను. మేము చప్పట్లు కొట్టితిమి. తోడనే మాలో నొకరు, “మాష్టరుగారి మొగము గుమ్మడికాయవలె నున్నదేమి?” అని యడిగెను. నిజమే, అందఱును లావెక్కియుండిరి. కారణము లెక్కలో దొరకెను. కంప్యూటరు అడ్డముగా 1,024 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు పంపుచుండెను. ఇది పాత చదరపు తెఱకు తగిన కొలత. నాలుగింటికి మూడు పాలు. టెలివిజను తెఱయో 1,920 చుక్కల వెడల్పును, 1,080 చుక్కల యెత్తును గలది. పదునాఱింటికి తొమ్మిది పాలు. చిన్నచిత్రమును పెద్దచట్రము నిండ లాగుటచే వెడల్పు హెచ్చి, ప్రతిమనిషియు మూడింట నొకవంతు లావయ్యెను.

అదియు గాక, ఆ కేబులులో చిత్రము హెచ్చుతగ్గులు గల విద్యుత్తుగా ప్రవహించును. టెలివిజను ఆ ప్రవాహమును జూచి యొక్కొక్క చుక్క యెచట మొదలై యెచట ముగిసినదో ఊహించుకొనవలెను. దూరము పెరిగినకొలది ఊహ తప్పును. మా కేబులు పొడవైనది గనుక ప్రతి యక్షరమునకు పలుచని నీడ యేర్పడెను. మాష్టరుగారు, “ఊహింపనక్కఱలేని దారి యేదైన కలదా?” అని యడిగి వెడలిపోయిరి.

రెండవదినమున బజారునుండి హెచ్.డి.ఎమ్.ఐ. కేబులు తెచ్చితిమి. ఈ పద్ధతి 2002వ సంవత్సరము డిసెంబరులో ప్రకటింపబడినది. ఇందు చిత్రము అంకెలుగా పోవును. ప్రతిచుక్కకును ఎఱుపెంత, పచ్చయెంత, నీలమెంత యని మూడంకెలు. 1,920ని 1,080చే హెచ్చించినచో 20,73,600 చుక్కలగును. ఇట్టి చిత్రము సెకండునకు అఱువది మాఱులు పంపబడును. అనగా సెకండునకు 12 కోట్ల 44 లక్షలకు మించిన చుక్కలు ఒక చిటికెనవ్రేలంత కేబులులో నడచిపోవుచున్నవన్నమాట. కంప్యూటరు సెట్టింగులలో 1,920, 1,080 అను కొలతను ఎన్నుకొనగా మనుష్యులు తమ తమ యాకారములకు వచ్చిరి. పని ముగిసినదనుకొంటిమి. తెఱ యడుగున మెనూ తెఱచు గుఱుతు సగమే కనబడుచున్నను మేము లక్ష్యపెట్టలేదు.

ఆ సాయంకాలమే ఆ యవ్వ కల్లమునుండి నేరుగా వచ్చెను. చీరచెంగునకు మిరపఘాటు ఇంకను వీడలేదు. చెప్పులు గుమ్మమువద్ద విడిచి, నేలపై గూర్చుండి, “మా నాయన బొమ్మ వేస్తారంట గదా బాబూ” అనెను. మేము సంతోషముతో 1954వ సంవత్సరపు చిత్రమును తెఱపై నుంచితిమి. ఆమె లేచి దగ్గఱకు వచ్చి కుడికొనను చాలసేపు చూచెను.

“మా నాయన యాడ బాబూ?”

మేమును చూచితిమి. వంటమనిషి లేడు. అతని ప్రక్కనున్న విద్యార్థి భుజమువద్ద చిత్రము ఆగిపోయినది. ఎడమకొనను నిలిచిన తోటమాలియు లేడు. కొనలనున్నవారు ఇద్దఱును పోయిరి. నడుమ కుర్చీలలోనివారందఱును క్షేమముగా నుండిరి.

అవ్వ కోపగించుకొనలేదు. “పెద్దపెట్టెలో గూడా చివరోళ్లకి చోటుండదు కాబోలు” అని నవ్వి, చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను. మాకా రాత్రి అన్నము సయింపలేదు. ఆమె నవ్వినందున మా సిగ్గు తగ్గలేదు సరికదా, హెచ్చెను.

మఱునాడు మాష్టరుగారితో, “టెలివిజను చెడిపోయినది; అంచులు మ్రింగుచున్నది” అని చెప్పితిమి. వారు, “చెడలేదు. అది తాత నేర్పిన పని చేయుచున్నది” అనిరి. ఆ తాత కథ చదువరులును వినదగినది.

మన దేశమున టెలివిజను ప్రసారములు ఢిల్లీలో 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మొదలైనవి. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వఱకు ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రముల పల్లెలకు విద్యాప్రసారములు చేసిరి; ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. హైదరాబాదున దూరదర్శన కేంద్రము 1977లో వెలసెను. రంగుల ప్రసారములు 1982లో, ఏషియా క్రీడల సందర్భమున వచ్చెను. ఆ కాలపు టెలివిజనులన్నియు లావైన గాజు గొట్టములు. వెనుకనుండి యొక యెలక్ట్రాను ధార తెఱపై గీతలు గీయుచు బొమ్మను తయారుచేయును. మన దేశపు పద్ధతిలో మొత్తము 625 గీతలు. అందు బొమ్మకు వచ్చునవి 576. ఆ ధారను అయస్కాంతములు నడుపును. కరెంటు హెచ్చినను తగ్గినను, లోపలి భాగములు వేడెక్కినను, ఏండ్లు గడచినను ఆ బొమ్మ కొంత పెరుగును, కొంత తగ్గును, కొంత ప్రక్కకు జరుగును. తగ్గినపుడు అంచున నల్లని సందు కనబడినచో కొన్నవాడు గొడవ చేయును. అందువలన తయారుచేయువారు బొమ్మను చట్రముకంటె కొంచెము పెద్దదిగా నేర్పఱచి, అంచులు చట్రము వెనుక దాగునట్లు చేసిరి. దీనికి ఓవర్‌స్కాను అని పేరు. ప్రసారము చేయువారికిని ఇది తెలియును గనుక పేర్లను, ముఖ్యవిషయములను అంచులకు దూరముగా నుంచుచుండిరి.

ఇంటి టెలివిజనుకే తగిలించు చిన్న కంప్యూటరులు ఆ రోజులలోనే వచ్చినవి. 1982లో వెలువడిన స్పెక్ట్రం అను దానికి 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల యెత్తు మాత్రమే. దాని చిత్రమునకు నలువైపుల వెడల్పాటి రంగు అంచు ఉండెడిది. ఆ యంచున నేమియు వ్రాయరు. టెలివిజను మ్రింగినచో దానినే మ్రింగనిమ్మని విడిచినది. చేనికి చుట్టును ముళ్లకంచె వేసి, పశువులు తినిన కంచెనే తినునని ఊరడిల్లు రైతువంటి యుపాయమిది.

నేటి చదునైన తెఱలో ఎలక్ట్రాను ధార లేదు, అయస్కాంతములు లేవు. ప్రతిచుక్కయు తన స్థానమున కదలక నిలిచియుండును. కావున అంచులు దాచవలసిన యవసరము తీఱిపోయినది. అయినను అలవాటు పోలేదు. చాల టెలివిజనులు తమకు వచ్చిన చిత్రమును ప్రసారమే యనుకొని, ప్రతిప్రక్కను నూటికి రెండు మూడు పాళ్లు కోసివైచి, మిగిలినదానిని తెఱ నిండ సాగదీయును. మా తెఱపై వంటమనిషి నిలిచిన చోటు సరిగా ఆ కోతలోనే యున్నది.

కారణము తెలిసినది; చికిత్స తెలియలేదు. మాలో నొకరు, “మనమును పాతవారివలె పుటలకు చుట్టును అంచు విడిచినచో సరి” అనిరి. మఱియొకరు కంప్యూటరు సెట్టింగులలో చిత్రమును కుదించు మీట నొకదానిని కనిపెట్టి, జరుపుచు జరుపుచు నాలుగంచులను లోనికి రప్పించిరి. వంటమనిషి భుజము కనబడెను. కేకలు వేసితిమి. మాష్టరుగారు వచ్చి చూచి, జాషువాగారి గ్రంథముల పుటను తెఱపై నుంచి, వెనుక బల్లమీద గూర్చున్న చిన్నతరగతి బాలునిచే చదివించిరి. వాడు ‘గబ్బిలము, 1941’ అని చక్కగా చదివెను. తరువాత ‘పిరదౌసి’ అని చదివెను.

‘ఫిరదౌసి’కి ‘పిరదౌసి’కి భేద మెంత? ఒక చిన్న గీత. మన తెలుగులిపిలో ప్రాణమంతయు ఇట్టి చిన్నగీతలలోనే యున్నది. దకారమునకు ధకారమునకు నడుమ నున్న దొక పొట్టిగీత. పకారమునకు షకారమునకు నడుమ నున్న దొక చిన్నమెలిక. క్రిందనుండు వత్తులు మఱింత చిన్నవి. ఇంగ్లీషు పెద్దక్షరములు మసకలోను పోల్చవచ్చును. తెలుగక్షరమునకు చుక్కలు నిండుగా కావలెను.

మా చుక్కలేమైనవి? మాష్టరుగారు బల్లపై సుద్దతో వ్రాసి చూపిరి. కంప్యూటరు తన 1,920 చుక్కల చిత్రమును సుమారు 1,820 చుక్కలలోనికి కుదించుచున్నది. అట్లు కుదించునపుడు రెండుచుక్కలు కలిసి యొక బూడిదరంగు చుక్క యగును. టెలివిజను దానిని మఱల 1,920కి సాగదీయుచున్నది. అపుడా బూడిదచుక్క ఇరుగుపొరుగులకును అంటుకొనును. ఒకరి మాటను ఇంకొకరు వినీవినక మూడవవానికి చెప్పినట్లున్నది. అంచులు దొరకినవి, అక్షరములు పోయినవి. “రెండు తప్పులు కలిసి కొలతలో ఒప్పువలె కనబడుచున్నవి. కనబడుట వేఱు, అగుట వేఱు” అని వారనిరి. పుటలకు అంచు విడుచుటలోను ఇదే లోపము. సాగదీయుట మానదు గదా.

అపుడు పరీక్షాచిత్ర మొకటి తయారుచేయుటకు వారు మార్గము చూపిరి. ఎవరైనను చేయదగినది గనుక వ్రాయుచున్నాము. బొమ్మలు గీయు సాధనములో సరిగా 1,920కి 1,080 చుక్కల కాగితము తెఱువవలెను. నాలుగంచుల వెంబడి ఒక్కచుక్క లావు గల యెఱ్ఱగీత గీయవలెను. నడుమ ఒక నల్లగీత, ఒక తెల్లగీత చొప్పున ఒక్కొక్కచుక్క లావుతో గీతలు నింపవలెను. దీనిని కుదింపక, పెంపక తెఱ నిండ చూపవలెను. నాలుగువైపుల యెఱ్ఱగీతయు కనబడినచో అంచులు దక్కినవి. నడుమగీతలు వేర్వేఱుగా కనబడినచో చుక్కకు చుక్క సరిపోయినది. గీతలకు బదులు బూడిదరంగు అలలు కనబడినచో ఎక్కడనో కుదింపో సాగదీతో జరుగుచున్నది. పొలము కొలుచువాడు మొదట నాలుగు మూలల సరిహద్దురాళ్లు చూచుకొని, పిదప గొలుసు లాగును గదా, ఇదియు నట్టిదే. మా తెఱపై రాళ్లు నాలుగును ఉండెను గాని, చేను నిండ అలలు లేచెను.

నాలుగవదినమున కంప్యూటరును విడిచి టెలివిజను రిమోటును పట్టితిమి. మొదట కుదింపు మీటను మునుపటివలె సున్నకు దెచ్చితిమి. తరువాత టెలివిజను మెనూలో చిత్రపు కొలతను నిర్ణయించు భాగమును వెదకితిమి. అందు ఐదాఱు పేర్లుండెను. ఒకదాని పేరు ‘జస్ట్ స్కాన్’. ఒక్కొక్క కంపెనీ దీనికి ఒక్కొక్క పేరు పెట్టును. ‘స్క్రీన్ ఫిట్’ అని కొందఱు, ‘ఫుల్ పిక్సెల్’ అని కొందఱు. పేరేదైనను భావ మొకటే: వచ్చినదానిని వచ్చినట్లు చూపుము. దానిని నొక్కగానే యెఱ్ఱగీత నాలుగుదిక్కుల నిలిచెను. నడుమ అలలు మాయమై, గీతలు దువ్వెనపండ్లవలె విడివిడిగా నిలిచెను. చిన్నతరగతి బాలుని మఱల బిలిచితిమి. వాడు తడబడక ‘ఫిరదౌసి’ అని చదివెను. క్రిందనే ‘క్రీస్తు చరిత్ర, సాహిత్య అకాడమీ బహుమానము, 1964’ అనుదానిని అడుగకయే చదివెను. అక్షరములకు తెల్లని వెలుగు అంచు కొంత మిగిలియుండెను. అది టెలివిజను తనంత తాను పదును పెట్టుటవలన గలిగినదని తెలిసి, షార్ప్‌నెస్సు అను కొలతను తగ్గింపగా పోయెను.

పంటల పుట వచ్చినపుడు వేఱొక చిక్కు తోచెను. మిరపరకముల పేర్లను మేము నీలిరంగు నేలపై ఎఱ్ఱని యక్షరములతో అందముగా వ్రాసితిమి. నల్లని యక్షరములు స్పష్టముగా నున్నను ఈ యెఱ్ఱనివి తడిసిన రంగుకాగితమువలె చెదరియుండెను. మనుష్యుని కన్ను వెలుగునీడల భేదమును కనిపెట్టినంత సూక్ష్మముగా రంగుల భేదమును కనిపెట్టలేదు. అందువలన ప్రసారములలో వెలుగును ప్రతిచుక్కకును పంపి, రంగును మాత్రము నాలుగుచుక్కలకు ఒకటి చొప్పున పంపి బరువు తగ్గించుకొందురు. చలనచిత్రములలో ఈ లోపము తెలియదు. చిన్నచిన్న రంగు అక్షరములలో తెలియును. కంప్యూటరు రంగులను పూర్తిగానే పంపుచున్నను, మా టెలివిజను తన యలవాటుచొప్పున వానిని తగ్గించుకొనుచుండెను. దీనికి మందు వింతయైనది: కేబులు దూర్చిన ద్వారమునకు టెలివిజను మెనూలో ‘పి.సి.’ అని పేరు పెట్టుటయే. అట్లు పేరు పెట్టగానే, వచ్చునది ప్రసారము కాదు, కంప్యూటరని టెలివిజను గ్రహించి, రంగులను తగ్గించుట మానెను. పిలువవలసిన పేరుతో పిలిచినగాని పలుకని పెద్దమనిషివలె నున్నదని మేము నవ్వుకొంటిమి.

ఇక 1954వ సంవత్సరపు చిత్రమును తెఱపై నుంచితిమి. వంటమనిషి వచ్చెను, నిండుగా వచ్చెను. కాని మొగము లేదు. వేపచెట్టు నీడలో తెల్లని ధోవతియు, దానిపైన నల్లని ముద్దయు! కుర్చీలలోనివారి మొగములు వెండిగిన్నెలవలె వెలుగుచుండెను. అవ్వను ఏ మొగముతో మఱల పిలుతుమని మాలో నొకరు కంటనీరు పెట్టుకొనెను.

ఐదవదినమున దీనికిని కారణము తెలిసెను. వెలుగును అంకెలుగా చెప్పునపుడు కంప్యూటరుకు సున్న కటిక నలుపు, 255 మిక్కిలి తెలుపు. టెలివిజను ప్రసారములలో మాత్రము 16 నలుపు, 235 తెలుపు. కంప్యూటరు తన భాషలో పంపుచుండగా టెలివిజను తన భాషలో వినుచుండెను. ఒకటి మొదలు పదునాఱువఱకు గల నీడలన్నియు దానికి ఒక్కటే నలుపు. నీడలో నిలిచినవాని కన్నులు, బుగ్గలు, మీసము అన్నియు ఆ పదునాఱు మెట్లలోనే యున్నవి. టెలివిజనులో నలుపు మట్టమును నిర్ణయించు సెట్టింగును మార్చి, రెండింటికి నొకే భాష నేర్పితిమి. అంధకారములోనుండి మెల్లగా నుదురు, ముక్కు, నవ్వబోవు పెదవి తేలివచ్చెను. మేము నలువురమును కొంతసేపు మాటలాడలేదు. రాముడు సీతవార్త విన్నచోటు గనుక విన్నకొండయై, వినుకొండయైనదని మా యూరి పెద్దలు చెప్పుదురు. వినుట మా యూరి పేరులోనే యున్నది. చూచుట మాత్రము మేమా దినమున నేర్చుకొంటిమి.

సమావేశదినమున అవ్వను మేమే కల్లమునకు పోయి పిలుచుకొని వచ్చితిమి. రానని కొంతసేపు మొండికేసెను. “మొన్న చూశాను గదా బాబూ” అనెను. “మొన్నటిది మా తప్పు, అవ్వా. ఈ మాఱు రమ్ము” అని బ్రతిమాలితిమి. ప్రధానోపాధ్యాయులవారు ఆమెను ముందువరుస కుర్చీలో గూర్చుండబెట్టిరి. చిత్రము వచ్చెను. కందిగింజంత మొగము రేగుపండంతయై, నాలుగడుగుల తెఱ కుడికొనను నిలిచెను. అవ్వ లేచి పోయి తెఱకు జానెడు దూరమున నిలిచెను. బంట్రోతు వారింపబోగా ప్రధానోపాధ్యాయులవారు చేసన్నతో నాపిరి.

“అదుగో మా నాయన! చేతిలో గరిటె గూడా దించకుండా వచ్చాడు చూడు!” అని ఆమె వెనుకకు తిరిగి అందఱితోను చెప్పెను.

గరిటె! గోడపై చిత్రమును ఇన్నియేండ్లుగా చూచుచున్నవా రెవ్వరును దానిని కనిపెట్టలేదు. పొయ్యిమీద కూర విడిచి, ఫోటోకు రమ్మని పిలువగా పరుగెత్తుకొని వచ్చిన మనిషి గరిటెను ధోవతికి ఆనించి పట్టుకొని నిలిచెను. ఆ గరిటె తెఱపై పది పండ్రెండు చుక్కల లావు. ఆ చుక్కలకొఱకే మా యైదు దినములును.

తలిదండ్రులకు ఉపయోగపడునని మేము నేర్చినవి కొన్ని చెప్పి ముగింతుము. టెలివిజను కొనునపుడు ‘హెచ్.డి. రెడీ’ యన్న మాటను జూచి మోసపోరాదు. అట్టివానిలో చాలవానికి 1,366కి 768, అనగా 10,49,088 చుక్కలే యుండును. 1,080 గీతల చిత్రమును అవి పుచ్చుకొనును గాని, చుక్కలలో సగము పాఱవైచును. ‘ఫుల్ హెచ్.డి.’ యైనచో 20,73,600 చుక్కలుండును. ‘4కె’ యనునది దానికి నాలుగింతలు, 3,840కి 2,160. దానిని సెకండునకు అఱువది మాఱులు నిండుగా చూపవలెనన్నచో కంప్యూటరు ద్వారమును, టెలివిజను ద్వారమును హెచ్.డి.ఎమ్.ఐ. 2.0 లేక తరువాతి తరగతికి చెందియుండవలెను, 1.4 తరగతిదైనచో ముప్పదిమాఱులే పంపగలదు. కేబులు అవసరమునకు మించిన పొడవు కూడదు. కేబులు తగిలించుటకు ముందు రెండింటికిని కరెంటు తీసివేయవలెను. ప్లగ్గులోని మూడవ పిన్నుకు, అనగా ఎర్తుకు, సరియైన తీగె కలదో లేదో తెలిసినవారిచే చూపించుకొనవలెను. అది లేనిచోట కంప్యూటరు ఇనుపపెట్టెను తాకినచో చేయి జివ్వుమనును.

మా చేతిలోని వస్తువు చెడలేదు. కేబులు చెడలేదు. ఎవరును దుర్బుద్ధితో అంచులు కోయలేదు. ఎన్నడో అవసరమైన యొక అలవాటు, అవసరము తీఱిన పిమ్మటను అడుగువారు లేక నిలిచిపోయినది. నడుమ కూర్చున్నవారికి దానివలన నష్టము లేదు గనుక వారికది తెలియలేదు. కొననున్నవారి బిడ్డ వచ్చి, “మా నాయన యాడ?” అని యడిగిననాడే మాకు తెలిసినది. ఇకముందు ఏ చిత్రమును జూచినను మొదట నాలుగంచులు చూడవలెనని మేము నలువురమును నిశ్చయించుకొంటిమి.

ఆ చిత్రము ప్రతి యొకటి నిప్పుడు అవ్వయింట గోడపై నున్నది. ఆమె కోరికపై కుడికొన భాగమును మాత్రము పెద్దదిచేసి యిచ్చితిమి. గరిటె చక్కగా కనబడుచున్నది.